జన్యుమార్పిడి జీవులు: మూసిన పాత్రలో, తెరిచిన చేలో

ఖతార్ నేలలో జన్యుమార్పిడి పంట ఏదీ వాణిజ్యస్థాయిలో పండటం లేదు. తినే తిండిలో అధికభాగం బయటినుంచి తెచ్చుకునే దేశమది. అయినా దోహాలో కాపురమున్న ఒక తెలుగు కుటుంబాన్ని ఊహిస్తే, ఆ ఇంటి ఫ్రిజ్‌లోని ఇన్సులిన్ పెన్నులో ఉన్నది జన్యుమార్పిడి చేసిన సూక్ష్మజీవి తయారుచేసిన మందే. పొయ్యి పక్కనున్న సోయా నూనో, కనోలా నూనో అమెరికా, కెనడా, బ్రెజిల్ గింజలదైతే అది జన్యుమార్పిడి మొక్కలదై ఉండే అవకాశమే ఎక్కువ. పిల్లలకు వేయించిన హెపటైటిస్-బి టీకా కూడా ఆ కోవలోదే. జీఎం సరుకు గడప దాటి లోపలికి రానివ్వమనేవారు వీటిలో దేనిని ఉద్దేశించి అంటున్నారో ముందుగా తేల్చుకోవలసి ఉంటుంది. మూడింటికీ మూలమైన విద్య ఒకటే. ప్రమాదం మాత్రం మూడింటికీ ఒకటి కాదు.

జన్యువులను చదవడం వేరు, తిరగరాయడం వేరు. ఈ తేడాకు మంచి ఉదాహరణ దోహాలోనే ఉంది. ఎడ్యుకేషన్ సిటీలోని వైల్ కార్నెల్ వైద్యకళాశాలలో జోయెల్ మాలెక్ బృందం ఖర్జూరపు జన్యుక్రమం ముసాయిదాను 2009లో వెల్లడించి, 2011లో ‘నేచర్ బయోటెక్నాలజీ’ పత్రికలో ప్రచురించింది. ఖర్జూరంలో మన తాటిచెట్టులాగే పోతు వేరు, పెంటి వేరు, కాసేది పెంటిచెట్టే. గింజ నాటితే మొలిచినది ఏదో పూతకు వచ్చేదాకా, అంటే కొన్నేళ్లపాటు, తెలియదు. లింగభేదాన్ని నిర్ణయించే జన్యుభాగాన్ని ఆ బృందం గుర్తించడంతో లేతమొక్క ఆకుముక్కను పరీక్షించి చెప్పడానికి దారి ఏర్పడింది. ఇందులో చెట్టు జన్యువు ఒక్కటీ మారలేదు. జన్యుశాస్త్రం అన్న మాట వినపడగానే జన్యుమార్పిడి అని ఉలిక్కిపడనవసరం లేదు.

ఒక జీవి డీఎన్‌ఏలోకి వేరొక జీవి నుంచి తీసిన జన్యువును ప్రయోగశాలలో చొప్పించినప్పుడు ఏర్పడేదే జన్యుమార్పిడి జీవి. ఇది సాధ్యం కావడానికి కారణం, బాక్టీరియా మొదలుకొని మనిషి దాకా డీఎన్‌ఏ లిపి దాదాపుగా ఒక్కటే కావడం. మనిషి జన్యువులో రాసి ఉన్న ప్రోటీన్ సూత్రాన్ని బాక్టీరియా కూడా చదవగలదు.

ఇన్సులిన్ కథ ఈ సూత్రానికి తొలి వైద్యఫలం. 1980ల దాకా మధుమేహ రోగులకు పశువుల, పందుల క్లోమగ్రంథుల నుంచి తీసిన ఇన్సులినే ఆధారం. 51 అమైనో ఆమ్లాల మానవ ఇన్సులిన్‌తో పోలిస్తే పంది ఇన్సులిన్‌లో ఒకటి, ఆవు ఇన్సులిన్‌లో మూడు తేడా. ఆ తేడాల వల్ల, శుద్ధి లోపాల వల్ల కొందరికి అలర్జీలు వచ్చేవి. ముస్లిం రోగులకు పంది ఇన్సులిన్ మతపరమైన ఇబ్బంది కూడా. 1978లో జెనెన్‌టెక్ శాస్త్రవేత్తలు మానవ ఇన్సులిన్‌ను ఈ.కోలై బాక్టీరియా చేత తయారుచేయించారు. 1982లో అమెరికాలో ఆ మందుకు అనుమతి లభించింది. మధుమేహం అత్యధికంగా ఉన్న ప్రాంతాలలో ఒకటైన గల్ఫ్‌లో దాని విలువ వేరుగా చెప్పనక్కరలేదు. ఇక్కడ గమనించవలసినది, ఆ బాక్టీరియా ఉక్కుపాత్రలోనే పెరిగి అక్కడే చనిపోతుంది. శుద్ధిచేసిన ప్రోటీన్ మాత్రమే సీసాలోకి వస్తుంది.

హైదరాబాదులో ఇదే పని ఈస్ట్‌తో జరిగింది. వరప్రసాద్ రెడ్డి 1993లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్‌కు ఒమన్ విదేశాంగమంత్రి యూసుఫ్ బిన్ అలవీ పెట్టుబడి పెట్టారు. సీసీఎంబీ తన ప్రయోగశాలలో చోటిచ్చింది. హెపటైటిస్-బి వైరస్ పైపొర ప్రోటీన్ జన్యువును పీకియా అనే ఈస్ట్‌లో చొప్పించి తయారుచేసిన షాన్‌వాక్-బి టీకా 1997లో విపణిలోకి వచ్చింది. దిగుమతి టీకా డోసు వందల రూపాయలు పలుకుతున్న కాలంలో దీని ధర 50 రూపాయలకు చేరింది. గల్ఫ్ సొమ్ము, తెలుగునేల శాస్త్రం కలిసి చేసిన ఈ పనిని జన్యుమార్పిడి చర్చల్లో ఎవరూ తలచుకోరు, తలచుకోవలసినదే.

ఇక తెరిచిన చేను సంగతి. 1997-98లో వరంగల్ ప్రాంతంలో పత్తిరైతుల ఆత్మహత్యలు దేశాన్ని కలచివేశాయి. అప్పటికి బీటీ విత్తనం మన దేశంలో అమ్మకానికే లేదు. లద్దెపురుగు, శనగపచ్చ పురుగు మందులకు లొంగకపోవడం, అప్పులు ఆనాటి కారణాలు. 2002 మార్చిలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. నేలలో సహజంగా ఉండే బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియా జన్యువును పత్తిలో చొప్పిస్తే మొక్కే క్రై ప్రోటీన్‌ను తయారుచేసుకుంటుంది. పురుగు పేగులోని క్షారగుణంలో అది చురుకై, అక్కడి ప్రత్యేక గ్రాహకాలకు అంటుకొని, పేగుగోడకు చిల్లులు పెడుతుంది. మనిషి జీర్ణాశయంలో ఉండేది ఆమ్లం; ఆ గ్రాహకాలూ మనకు లేవు.

మొదట్లో శనగపచ్చ పురుగు తగ్గింది, మందు పిచికారీలూ తగ్గాయి. కానీ చేలో జరిగేది పరిణామక్రియ. విషాన్ని తట్టుకునే పురుగులు లక్షల్లో ఒకటి అరా ముందే ఉంటాయి. మిగిలినవన్నీ చస్తే వాటి సంతానమే చేనంతా ఆక్రమిస్తుంది. అందుకే చుట్టూ కొన్ని వరుసల్లో బీటీ లేని పత్తి వేయాలన్నది అప్పటి నియమం. అక్కడ బతికిన మామూలు పురుగులు తట్టుకునే పురుగులతో జతకడితే, పుట్టే పిల్లలు చాలావరకు మళ్లీ విషానికి లొంగుతాయి. 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల మామూలు విత్తనం ఇచ్చింది ఇందుకే. రెండెకరాల రైతు పంట పోగొట్టుకునే వరుసలను తన చేతులతో ఎందుకు వేస్తాడు? చాలామంది ఆ ప్యాకెట్‌ను పక్కన పడేశారు. పైగా గులాబిరంగు పురుగుకు మన దేశంలో పత్తి తప్ప వేరే ఆశ్రయం దాదాపు లేదు. ఒక జన్యువున్న పత్తిని అది తట్టుకుంటున్నట్టు 2010లో గుజరాత్‌లో బయటపడింది. కొన్నేళ్లకే రెండు జన్యువుల బోల్‌గార్డ్-2 కూడా చాలక తెలుగు రాష్ట్రాల రైతులు మళ్లీ మందుడబ్బాలు ఎత్తుకున్నారు. ఈ వైఫల్యాన్ని రైతు మీదికి నెట్టడం తేలిక. అయితే పాటించలేని నియమాన్ని కాగితం మీద రాసిచ్చిన నియంత్రణ వ్యవస్థదే పెద్ద తప్పు.

ధర విషయంలో మాత్రం ప్రభుత్వం కదిలింది. 1,600 రూపాయలు దాటిన ప్యాకెట్ ధరపై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య వ్యాపార నియంత్రణ కమిషన్‌ను ఆశ్రయించి 2006లో దానిని 750 రూపాయలకు దించింది. కలుపుమందును తట్టుకునే పత్తికి అనుమతి లేకున్నా, ఆ విత్తనం దొంగచాటుగా పల్లెల్లో అమ్ముడవుతూనే ఉంది. దానితో పాటు చల్లే గ్లైఫోసేట్‌ను 2015లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కలిగించగల అవకాశమున్న పదార్థాల్లో చేర్చింది. దొంగ విత్తనానికి పరీక్షలూ ఉండవు, జవాబుదారీ ఉండదు.

తినేవారి ఆరోగ్యం మాటేమిటి? వైద్యులు ముందుగా చూడవలసినది అలర్జీ. సోయా చిక్కుడులో బ్రెజిల్ నట్ జన్యువును చొప్పించినప్పుడు, ఆ కాయ పడనివారికి ఈ సోయా కూడా పడదని పరీక్షల్లో తేలింది. 1996లో ఆ ఫలితం వెలువడింది. సోయా అంగడికి రాలేదు. పశువుల మేతకు మాత్రమే అనుమతించిన స్టార్‌లింక్ మొక్కజొన్న 2000లో అమెరికాలో మనుషుల తిండిలో కనబడింది. మొదటిది పరీక్ష చేసిన మేలు, రెండవది విడివిడిగా ఉంచలేని బలహీనత. అమెరికా జాతీయ అకాడమీలు 2016లో వందలాది అధ్యయనాలను పరిశీలించి, అమ్మకంలో ఉన్న జన్యుమార్పిడి ఆహారం మామూలు ఆహారం కంటే ఎక్కువ హానికరమనడానికి ఆధారం లేదని తేల్చాయి. శుద్ధిచేసిన నూనెలో ప్రోటీన్, డీఎన్‌ఏ దాదాపు మిగలవు. అయితే ఈ నిర్ణయం ఇప్పటిదాకా పరీక్షించిన పంటలకే వర్తిస్తుంది. కొత్త జన్యువు వచ్చిన ప్రతిసారీ పరీక్ష మళ్లీ మొదలుకావలసిందే.

2025 మేలో ఈ చర్చ మన అన్నంలోకి వచ్చింది. బాపట్లలో పుట్టిన సాంబమసూరిలోనే ఒక జన్యువును సవరించి, హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ తయారుచేసిన ‘కమల’ను కేంద్రప్రభుత్వం ప్రకటించింది. గింజల సంఖ్యను అదుపుచేసే జన్యువును క్రిస్పర్ పద్ధతిలో మార్చారు. బయటి జన్యువు ఏదీ మిగలలేదు. అందుచేత 2022 నిబంధనల ప్రకారం భారతదేశంలో ఇది జన్యుమార్పిడి పంటగా లెక్కకు రాదు. ఐరోపా న్యాయస్థానం 2018లో ఇలాంటి సవరణలను కూడా జన్యుమార్పిడిగానే పరిగణించాలని తీర్పునిచ్చింది. సహజంగానూ కలగగల మార్పు కాబట్టి, ఫలానా చోట సవరణ జరిగిందని ముందే తెలియకపోతే గింజను పరీక్షించి చెప్పడం చాలా కష్టం. మసూరి బియ్యాన్ని దిగుమతి చేసుకునే గల్ఫ్ దేశాలు ఆ సంచి మీద ఏమి రాయించాలో ప్రయోగశాల తేల్చలేదు. ఏ చేలో ఏ విత్తనం పడిందో రాసిపెట్టిన చిట్టాయే తేల్చాలి.