పాత పికప్ వాహనం ముందు భాగంలో కంపనం, గలగల శబ్దం – కారణ నిర్ధారణ

జనగామ జిల్లా పాలకుర్తి మండలంలో పండిన పత్తి, వడ్లు, మొక్కజొన్న కల్లం దాటి మార్కెట్‌కు చేరడంలో చిన్న సరకు వాహనాల పాత్ర పెద్దది. ఊరి దారులు, కాలువ గట్లు దాటి, స్టేషన్ ఘన్‌పూర్ వద్ద 163వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్ వరకు సాగే ఈ ప్రయాణంలో కొత్త వాహనాలతో పాటు బాగా పాతబడినవీ కనిపిస్తాయి. విస్తరణ శిక్షణల్లో యంత్రాల నిర్వహణ అంటే ట్రాక్టరు, స్ప్రేయరు, వరినాటు యంత్రం గురించే చెప్పి ఆగడం పరిపాటి. పంటను మోసే బండి ఆ జాబితాలోకి రాదు. నాట్లు, పత్తి తీత కాలంలో అదే బండి కూలీలను కూడా మోస్తుంది. సరకు వాహనంలో మనుషులను ఎక్కించడం చట్టవిరుద్ధం. అయినా ఊళ్లలో జరుగుతున్నది అదే కనుక, ముందు చక్రాల వదులు కేవలం మరమ్మతు ఖర్చుకు సంబంధించిన విషయం కాదు.

స్టీరింగ్ వణకగానే రైతు మొదట వెళ్లేది అలైన్‌మెంట్ కేంద్రానికి. అక్కడ తగ్గకపోతే షాక్ అబ్జార్బర్లు, ఆ తరువాత టైర్లు, చివరకు స్టీరింగ్ పెట్టె మారుస్తారు. వేల రూపాయలు ఖర్చయినా వణుకు పోకపోవచ్చు. ఆకు పసుపురంగుకు మారిందని యూరియా, జింక్, ఇనుము, తెగులు మందు కలిపి పిచికారీ చేయడం వంటిదే ఇది. పసుపు ముదురు ఆకుల్లో మొదలైందా, లేత ఆకుల్లోనా అని చూసిన తరువాతే నత్రజని లోపమో, ఇనుప ధాతు లోపమో చెప్పగలం. వాహనంలో కూడా కంపనం ఎప్పుడు, ఏ వేగంలో, దేనితో పాటు వస్తున్నదో చూస్తే అనుమానించవలసిన భాగాల సంఖ్య బాగా తగ్గిపోతుంది.

ఎప్పుడు వణుకుతున్నది?

బండి నిలిచి ఉండగా, ఇంజిన్ తిరుగుతున్నప్పుడే వణుకు ఉంటే చక్రాలతో సంబంధం లేదు. ఇంజిన్‌ను మోసే రబ్బరు మౌంటింగులను పరీక్షించాలి. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 800 చుట్లు తిరిగినప్పుడు సెకనుకు 26, 27 దహనాలు జరుగుతాయి. 2005లో వచ్చిన తొలి టాటా ఏస్‌లో ఉన్నది రెండు సిలిండర్ల డీజిల్ ఇంజిన్. అదే వేగంలో దాని దహనాలు సెకనుకు 13 మాత్రమే కనుక నిలిచి ఉన్నప్పుడు కొంత కుదుపు దాని స్వభావం. దానిని లోపంగా భావించి విడిభాగాలు మార్చనవసరం లేదు.

వణుకు బండి వేగాన్ని అనుసరిస్తే అది చక్రానిదో, చక్రంతో తిరిగే భాగానిదో అయి ఉంటుంది. పాలకుర్తి చుట్టుపక్కల రోడ్లపై 40 కిలోమీటర్ల వేగంలో ఏమీ తెలియని బండి జాతీయ రహదారి ఎక్కి 70–80 అందుకోగానే స్టీరింగ్‌ను చేతిలో ఆడిస్తే కారణం చాలావరకు తూకం తప్పిన చక్రమే. బ్రేకు వేసినప్పుడే వణికితే డిస్కు మందంలో తేడా వచ్చి ఉండాలి, లేదా డ్రమ్ము గుండ్రం తప్పి ఉండాలి. గుంత తగిలిన వెంటనే 40–60 వేగంలో ముందు చక్రాలు రెండూ ఎడమకూ కుడికీ బలంగా కొట్టుకుంటూ, వేగం తగ్గించేవరకు ఆగకపోతే అది వేరే జబ్బు. ముందు ఒకే ఇరుసు, కమాన్ పట్టీలు ఉన్న పాత వాహనాల్లో కింగ్ పిన్‌లు, స్టీరింగ్ కీళ్లు అరిగిన తరువాత ఇది కనిపిస్తుంది. అప్పుడు స్టీరింగ్‌ను గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలి, మెల్లగా వేగం తగ్గించాలి. ఆ బండిని మరమ్మతు కాకుండా మళ్లీ లోడుకు పంపరాదు.

ఈ పరీక్షను ఖాళీ బండితోనూ, లోడుతోనూ చేయడం మంచిది. పత్తిని వెనుక ఇరుసు దాటి వేలాడేలా నింపితే ముందు చక్రాలపై బరువు తగ్గి స్టీరింగ్ తేలికపడుతుంది. బండి ఖాళీగా ఉన్నప్పుడు దాగి ఉన్న వదులు అప్పుడు బయటపడుతుంది.

ముందుగా రిమ్ములు కడగాలి

విస్తరణ సిబ్బంది రైతుకు ఇవ్వగల అత్యంత చవకైన సలహా ఇదే. దమ్ము చేసిన మడి పక్కన, తడి నల్లరేగడి దారిలో తిరిగిన బండి రిమ్ము లోపలి వైపున బురద పట్టి, ఎండి, రాయిలా గట్టిపడుతుంది. బయటికి కనిపించదు. 15 అంగుళాల రిమ్ము అంచున, అంటే కేంద్రం నుంచి దాదాపు 19 సెంటీమీటర్ల దూరంలో, ఒకవైపు 50 గ్రాములు ఎక్కువ ఉన్నాయనుకుందాం. టైరు వ్యాసార్ధం 33 సెంటీమీటర్లయితే 80 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు 10.7 చుట్లు తిరుగుతుంది. అప్పుడా 50 గ్రాములు చక్రాన్ని బయటికి లాగే బలం సుమారు 43 న్యూటన్లు, అంటే 4.4 కిలోల బరువుకు సమానం. ఈ బలం వేగం వర్గాన్ని బట్టి మారుతుంది కనుక 40 వేగంలో అందులో నాలుగో వంతు, 1.1 కిలోలు మాత్రమే. ఊరి రోడ్డు మీద లోపం తెలియకపోవడానికి కారణం ఇదే. అదే చోట 200 గ్రాముల మట్టి ఉంటే 80 వేగంలో ఈ బలం 17 కిలోలు దాటుతుంది. ఇరుసు, చక్రం కలిసి స్ప్రింగుల మీద సహజంగా ఊగే రేటు సెకనుకు 10–15 సార్ల ప్రాంతంలో ఉంటుంది. చక్రం తిరిగే రేటు దానికి దగ్గరపడ్డప్పుడు వణుకు పెరిగి, ఆ వేగం దాటాక కొంత తగ్గడం కూడా అందుకే.

కడిగిన తరువాతా వణుకు ఉంటే టైరును చూడాలి. పంట కాలం ముగిశాక నెలల తరబడి ఒకేచోట లోడుతోనో, తక్కువ గాలితోనో నిలిపిన బండి టైరు నేలకు ఆనిన చోట చదునుగా మారుతుంది. అట్టపై ఉబ్బు కనిపిస్తే లోపలి పొరలు విడిపోతున్నాయని అర్థం. ఆ టైరును తూకం చేయించడం వృథా, తీసివేయడమే మార్గం. టైరు పక్కన ముద్రించిన నాలుగు అంకెలు తయారీ కాలాన్ని చెబుతాయి. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారం. గాళ్లు బాగానే ఉన్నా రబ్బరు ముసలిదై ఉండవచ్చు.

ఖర్చు లేని మరో పరీక్ష కూడా ఉంది. నాలుగు టైర్లూ ఒకే కొలతవైతే ముందు చక్రాలను వెనుకకు, వెనుకవి ముందుకు మార్చి అదే రోడ్డుపై నడపాలి. వణుకు స్టీరింగ్ వదిలి సీటు కిందకు చేరితే దోషం చక్రానిదే. ఏ మార్పూ లేకపోతే దోషం బండికే ఉంది.

జాకీ మీద పరీక్ష

చదునైన గట్టి నేలపై వెనుక చక్రాలకు రాళ్లు పెట్టి, ముందు భాగాన్ని జాకీతో లేపి స్టాండు మీద నిలపాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకు వెళ్లరాదు. చక్రాన్ని పైన, కింద పట్టుకుని ఊపినప్పుడు ఆడితే వీల్ బేరింగ్ వదులై ఉండవచ్చు, లేదా కింగ్ పిన్ గానీ బాల్ జాయింట్ గానీ అరిగి ఉండవచ్చు. వీటిని వేరు చేయడానికి మరొకరిని బ్రేకు తొక్కి పట్టమనాలి. ఆట పోతే బేరింగ్, పోకపోతే కింగ్ పిన్ లేదా బాల్ జాయింట్. చక్రాన్ని ఎడమ, కుడి అంచుల వద్ద పట్టుకుని ఊపినప్పుడు ఆడితే టై రాడ్ చివరలు, స్టీరింగ్ లింకులు, స్టీరింగ్ పెట్టె అనుమానితాలు. చక్రాలు నేల మీద ఉండగా ఒకరు స్టీరింగ్‌ను కొద్దిగా అటూ ఇటూ తిప్పుతుంటే మరొకరు ఒక్కొక్క కీలుపై చేయి ఆనించి చూస్తే వదులు ఎక్కడుందో చేతికే తెలుస్తుంది.

బేరింగ్ వదులును బిగించి, గ్రీజు మార్చి సరిచేయవచ్చు. బాల్ జాయింట్, టై రాడ్ చివర అలా కావు. అరిగినవి మార్చవలసిందే. టై రాడ్ ఊడితే చక్రం స్టీరింగ్ మాట వినదు. తీగ చుట్టి, వెల్డింగ్ పెట్టి మరో సీజన్ నడపడం ఎంత మాత్రం తగదు.

కింగ్ పిన్‌కు గ్రీజు పట్టించేటప్పుడు ఇరుసును పైకి లేపి ఉంచాలి. బరువంతా మోస్తున్న థ్రస్ట్ బేరింగ్‌లోకి గ్రీజు సరిగా చేరదు. నీటిలో, బురదలో తిరిగే బండికి పాత గ్రీజు బయటికి వచ్చేవరకు కొత్తది ఎక్కించడం అవసరం.

గలగల శబ్దాలు

శబ్దం భయపెట్టినంతగా ప్రమాదాన్ని సూచించకపోవచ్చు. బంపరు, బానెట్ గడియ, మడ్‌గార్డు, సైలెన్సర్ పట్టీ చేసే చప్పుడే అన్నిటికన్నా పెద్దది, అన్నిటికన్నా హాని తక్కువది. నిలిపిన బండిలో రబ్బరు సుత్తితో మెల్లగా తట్టితే చాలావరకు దొరికిపోతాయి. బ్రేకును కొద్దిగా తాకగానే గలగల ఆగితే బ్రేకు ప్యాడ్లు తమ స్థానంలో వదులుగా ఉన్నాయి. చిన్న గుంతకే టకటకమంటే షాక్ అబ్జార్బర్ బుష్‌లు, స్టెబిలైజర్ లింకులు, కమాన్ పట్టీల షాకిల్ బుష్‌లు చూడాలి.

వీటన్నిటిలో కమాన్ పట్టీలకే ఎక్కువ సమయం ఇవ్వాలి. పట్టీల మధ్య తుప్పు గీతలా కొత్తగా ఎర్రటి పొడి కనిపిస్తే అక్కడ పట్టీ విరిగి ఉండవచ్చు. ఇరుసును పట్టీలకు బిగించే యూ బోల్టులు వదులైతే ఇరుసు స్థానం జరిగి బండి ఒక పక్కకు లాగుతుంది. పత్తి చూపుకు ఎత్తుగా కనిపిస్తుంది కానీ బరువు తక్కువ. వడ్ల బస్తాలు చూపుకు తక్కువ, బరువు ఎక్కువ. పట్టీలను విరిచేది చాలాసార్లు రెండోదే.

అలైన్‌మెంట్ ఈ వరుసలో చివరిది. అది టైరు ఒకవైపు అరగడాన్ని, బండి పక్కకు లాగడాన్ని సరిచేస్తుంది గానీ తూకం తప్పిన చక్రాన్ని సరిచేయదు. కీళ్లు వదులుగా ఉండగా పెట్టిన కొలత మొదటి గుంత వరకే నిలుస్తుంది. చక్రాలు విప్పి బిగించిన ప్రతిసారీ నట్లను ఎదురెదురుగా ఉన్న వరుసలో బిగించి, 50–100 కిలోమీటర్లు నడిచాక మరొకసారి పరీక్షించాలి. ఏనుమాములకు వెళ్లే బండి విషయంలో అంటే, సరకు దింపి తిరుగు ప్రయాణం మొదలుపెట్టే ముందే.