డబ్బా పాతదే... ప్రాణం కొత్తది!

మీ ఇంట్లో వైఫై రూటర్ ఎక్కడుంది? టీవీ వెనకో, అల్మారా పైనో దుమ్ము పట్టి ఉంటుంది. నెట్ ఆగిపోయినప్పుడు స్విచ్ తీసి మళ్లీ వేయడానికి తప్ప దాన్ని ఎవరూ ముట్టుకోరు. నిజానికి అదో చిన్న కంప్యూటర్. దానికీ ప్రాసెసర్ ఉంటుంది, మెమరీ ఉంటుంది, వాటిని నడిపించే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. దాన్నే ఫర్మ్‌వేర్ అంటారు. ఫోన్‌కి అప్‌డేట్లు వచ్చినట్టే దీనికీ రావాలి. చిక్కల్లా... చవక మోడళ్లకు కంపెనీలు కొన్నాళ్లకే వాటిని ఆపేస్తాయి. డబ్బా మాత్రం శుభ్రంగా పనిచేస్తూనే ఉంటుంది, లోపల తలుపు గొళ్లెం ఊడిపోయి!

గొళ్లెం ఊడితే ఏమవుతుందో 2017 జులైలో చూశాం. బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మోడెమ్‌ల మీద మాల్వేర్ దాడి జరిగింది. దొరికిపోయినవి ఏవయ్యా అంటే, కొన్ననాటి ‘అడ్మిన్’ పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసినవి. మరుసటి ఏడాది ‘వీపీఎన్‌ఫిల్టర్’ అనే మరో మాల్వేర్ ప్రపంచవ్యాప్తంగా 5 లక్షల రూటర్లలో చేరినట్టు తేలింది.

మహేశ్వరం, తుక్కుగూడ, శంషాబాద్ వైపు వాళ్లకు ఇది పరాయి సంగతేం కాదు. ఇంటింటికీ ఇంటర్నెట్ అంటూ తెలంగాణ ప్రభుత్వం తలపెట్టిన టీ-ఫైబర్‌ని 2018లో ప్రయోగాత్మకంగా చూపించింది మహేశ్వరం మండలంలోని నాలుగు ఊళ్లలోనే. ఊరికి ఫైబర్ వచ్చిందంటే ఇంటికో రూటర్ వచ్చినట్టే. తీగ గురించి అందరూ మాట్లాడతారు. దాని చివరనున్న డబ్బా గురించి అడిగేవాళ్లే ఉండరు.

కంపెనీ చేతులెత్తేసిన డబ్బాకి మళ్లీ ప్రాణం పోసే దారి ఒకటుంది. దాని పేరు ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ. ప్రపంచం నలుమూలలా ఉన్న ప్రోగ్రామర్లు కలిసి రాస్తున్న ఓపెన్‌సోర్స్ ఫర్మ్‌వేర్ అది. పైసా ఖర్చు లేదు. డీడీ-డబ్ల్యుఆర్‌టీ, ఫ్రెష్‌టొమాటో లాంటివీ ఉన్నాయి.

కథంతా నీలి డబ్బాతోనే...

2002 డిసెంబరులో లింక్‌సిస్ కంపెనీ నీలం, నలుపు రంగుల్లో ఓ రూటర్ తెచ్చింది. పేరు డబ్ల్యుఆర్‌టీ54జీ. మరుసటి ఏడాదే సిస్కో ఆ కంపెనీని కొనేసింది. సరిగ్గా అప్పుడే కొందరు కుర్రాళ్లు ఆ డబ్బా లోపల ఉన్నది లినక్స్ అని కనిపెట్టారు. లినక్స్‌ని ఎవరైనా వాడుకోవచ్చు. కానీ ఒక షరతు... దాన్ని మార్చి అమ్మితే ఆ మార్పుల కోడ్‌ను కొన్నవాళ్లకూ ఇవ్వాలి. కంపెనీ ఇవ్వలేదు. గొడవ పెద్దదైంది. చివరికి 2003లోనే కోడ్ బయటపెట్టక తప్పలేదు. దాని ఆధారంగా 2004లో మొదలైందే ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ. పేరులోని చివరి మూడక్షరాలూ ఆ డబ్బావే!

2005లో కంపెనీ ఐదో వెర్షన్‌లో మెమరీని సగానికి తగ్గించి, లినక్స్ తీసేసింది. జనం మాత్రం పాతదే కావాలన్నారు. దాంతో డబ్ల్యుఆర్‌టీ54జీఎల్ పేరిట లినక్స్ మోడల్‌ని విడిగా అమ్మాల్సి వచ్చింది. మూడేళ్ల తర్వాత ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ సిస్కోని కోర్టుకీ లాగింది. 2009లో రాజీ కుదిరింది. షాపుకెళ్లి ‘పాత సరుకే ఇవ్వండి’ అని జనం పట్టుబట్టిన ఎలక్ట్రానిక్ వస్తువులు ఎన్నుంటాయి చెప్పండి!

అడుగున చూడండి!

మరి మన ఇంట్లోదానికి ఇది సరిపడుతుందా? ముందు రూటర్‌ని తిరగేయండి. అడుగున స్టిక్కర్ మీద మోడల్ పేరు ఉంటుంది. దాని పక్కనే చిన్న అక్షరాల్లో వెర్షన్ నంబరు. అసలు కిటుకంతా ఆ నంబర్లోనే ఉంది. పైకి పేరొకటే, రూపమొకటే... లోపలి చిప్పు వేరు!

మన దగ్గర చాలా ఇళ్లలో కనిపించే టీపీ-లింక్ డబ్ల్యుఆర్841ఎన్‌నే తీసుకోండి. పన్నెండో వెర్షన్‌లో ఫ్లాష్ మెమరీ 4 ఎంబీ, ర్యామ్ 32 ఎంబీ. పదమూడో దాంట్లో అవి 8, 64 అయ్యాయి. పద్నాలుగుకొచ్చేసరికి మళ్లీ 4, 32! కొత్తది కదా అని పద్నాలుగు కొన్నవాడికే నష్టం. ఫ్లాష్ అంటే బీరువా, ర్యామ్ అంటే వంటగట్టు అనుకోండి. రెండూ ఇరుకైతే వంట సాగదు. 4, 32 రూటర్లలో ఇప్పటి ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ పట్టదు. 8, 64 ఉంటే ఇరుకిరుగ్గా నడుస్తుంది. కొత్తగా కొనేవాళ్లు 16, 128కి తగ్గకుండా చూసుకోవాలి. చిప్పు మీడియాటెక్‌దో, క్వాల్‌కామ్ ఏథెరాస్‌దో అయితే ఇబ్బందులు తక్కువ. బ్రాడ్‌కామ్ అయితే ఆలోచించాలి, దాని వైఫై డ్రైవర్లు చాలావరకు ఓపెన్ కావు. వీటికోసమే ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ సైట్‌లో ‘టేబుల్ ఆఫ్ హార్డ్‌వేర్’ అని పెద్ద జాబితా ఉంది. మోడల్, వెర్షన్ రెండూ అందులో కనిపిస్తేనే ముందుకెళ్లండి. ఒక్క అంకె తేడా ఉన్నా ‘ఏం కాదులే’ అనుకోవద్దు.

ఇంకో మాట. ఫైబర్ కనెక్షన్‌తో కంపెనీవాళ్లు గోడకు బిగించే ఓఎన్‌టీ డబ్బా జోలికి వెళ్లొద్దు. అది సాధారణంగా వాళ్ల సొత్తు. పాడైతే నెట్ మొత్తం పోతుంది. దాని ల్యాన్ పోర్టు నుంచి తీగ తీసి మన సొంత రూటర్‌కి పెట్టుకుంటే చాలు.

కరెంటు పోతే..?

సైట్ నుంచి మన మోడల్ ఫైల్ దించుకోవాలి. సాధారణంగా రెండు రకాలుంటాయి. మొదటిసారికి ‘ఫ్యాక్టరీ’, తర్వాత అప్‌డేట్లకు ‘సిస్అప్‌గ్రేడ్’. వైఫై మీద కాకుండా కేబుల్‌తోనే కంప్యూటర్‌కి కలిపి, రూటర్ సెట్టింగుల పేజీలో ఆ ఫైల్ ఎక్కించాలి. ఆ నాలుగైదు నిమిషాలే గండం. మధ్యలో కరెంటు పోయిందా... రూటర్ ఇటుకరాయే! చాలా మోడళ్లను మళ్లీ బతికించొచ్చు కానీ, అది అందరివల్లా అయ్యే పని కాదు. కాబట్టి యూపీఎస్‌కి తగిలించి మొదలుపెట్టండి. వారంటీ మీద ఉన్న రూటర్‌తో ప్రయోగం వద్దు. ఇంట్లో ఉన్నది ఒక్కటే అయితే అసలే వద్దు.

ఎక్కాక వైఫై కనిపించడం లేదని కంగారుపడకండి. సాధారణంగా మొదట్లో ఆపేసే ఉంటుంది. ముందు పాస్‌వర్డ్ పెట్టి, దేశం దగ్గర ఇండియా ఎంచుకుని, ఆ తర్వాత ఆన్ చేయాలి.

ఇంత శ్రమపడితే వచ్చేదేమిటంటారా? భద్రతా అప్‌డేట్లు ఆగవు. చుట్టాలకు వేరే వైఫై ఇవ్వొచ్చు. ప్రకటనలు రూటర్ దగ్గరే ఆపేయొచ్చు. రాత్రి పదయ్యాక పిల్లల ట్యాబ్‌కి నెట్ కట్ చేయొచ్చు (పిల్లలు ఈ పేజీ చూడకుండా దాచుకోండి!). ‘ఎస్‌క్యూఎమ్’ అనే సదుపాయం పెట్టుకుంటే తమ్ముడు సినిమా దించుకుంటున్నా అక్క ఆన్‌లైన్ ఇంటర్వ్యూ నత్తనడక నడవదు. అయితే దానికి ప్రాసెసర్ బలం కావాలి. చవక రూటర్ మీద పెడితే వేగమే పడిపోతుంది.

ఈ తంటాలేవీ వద్దనుకునేవాళ్ల కోసం ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ వాళ్లే 2024 నవంబరులో ‘ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ వన్’ అనే సొంత రూటర్ తెచ్చారు. విడుదలప్పటి ధర 89 డాలర్లు. ర్యామ్ ఏకంగా 1 జీబీ.

మామూలు రూటర్ కోసం సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి చినాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్తే మాత్రం మోడల్ పేరు చెప్పి ఊరుకోవద్దు. వెర్షన్ నంబరు సాధారణంగా పెట్టె మీద స్టిక్కర్‌లోనే ఉంటుంది. డబ్బులిచ్చే ముందే అడిగి చూడండి, లేదా పెట్టె తెరిపించి రూటర్ అడుగున చదవండి. పాత వెర్షన్ స్టాకు అడుగుబొడుగున ఉంటే షాపతను సంతోషంగానే తీసిస్తాడు.