విస్తరణ బోధనలో స్కేలు నమూనాలు: తయారీ పద్ధతులు, విడిభాగాలను స్వయంగా మలచుకొనే విధానం

రైతు సదస్సులలోను, కిసాన్ మేళాలలోను, కృషి విజ్ఞాన కేంద్రాల ప్రదర్శనశాలలలోను గోడమీది పటాల కంటే బల్లమీది నమూనాలే రైతులను ముందుగా ఆకర్షిస్తాయి. చదువురాని రైతు సైతం నమూనా చుట్టూ తిరిగి చూచి, చేతితో తాకి, తన పొలంతో పోల్చుకొని ప్రశ్న వేయగలడు. అందువలన నమూనాలోని పొరపాటు నేరుగా పొలంలోకి చేరుతుంది. అట్టపెట్టె అందుబాటులో ఉన్నదని పంట కుంట ప్రక్కలను నిటారుగా చూపామనుకొందాం. దానిని నమ్మి ఒక రైతు అదే విధంగా తవ్విస్తే, పెద్ద వానకు మట్టి జారి కుంట పూడిపోయే ప్రమాదం ఉన్నది. కనుక నమూనా అందంగా ఉండుటతో పాటు కొలతకు కట్టుబడి ఉండుట ముఖ్యం. ఇందుకు అనుసరించవలసిన పద్ధతులను ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

స్కేలు నిర్ణయం

అసలు వస్తువు పొడవునకు, నమూనా పొడవునకు గల నిష్పత్తియే స్కేలు. 1:50 స్కేలులో అసలు 50 సెం.మీ. నమూనాలో 1 సెం.మీ. అవుతుంది. పొడవు 50వ వంతుకు తగ్గినపుడు వైశాల్యం 2,500వ వంతుకు, ఘనపరిమాణం 1,25,000వ వంతుకు తగ్గుతాయి. కోణాలు మాత్రం మారవు. నాగలి కర్రు వంపైనా, గట్టు వాలైనా ఏ స్కేలులోనైనా యథాతథంగా ఉండాలి.

చేతి పనిముట్లకు, ఎడ్ల పనిముట్లకు 1:5, ట్రాక్టరు పనిముట్లకు 1:10, కుంటలు, పశువుల పాకలు, పాలీహౌస్‌లకు 1:50 అనుకూలంగా ఉంటాయి. స్కేలును ఒకసారి నిర్ణయించిన తరువాత బల్లమీది ప్రతి వస్తువూ దానికి లోబడాలి. 1:50 నమూనాలో 165 సెం.మీ. మనిషి 3.3 సెం.మీ. ఎత్తు మాత్రమే ఉంటాడు. బజారులో దొరికిన 8 సెం.మీ. ఎత్తు ఆవు బొమ్మను అతని ప్రక్కన నిలబెడితే, అది 4 మీటర్ల ఎత్తు ఆవు అవుతుంది. చూచేవారు కుంట పరిమాణాన్ని మనిషితోను, పశువుతోను పోల్చి గ్రహిస్తారు కనుక ఆ ఒక్క బొమ్మ వలన కుంట కూడా చిన్నదిగా తోస్తుంది.

పంట కుంట నమూనా

పైభాగం 20 × 20 మీ., లోతు 3 మీ., ప్రక్క వాలు నిలువు 1కి అడ్డం 1.5 గల కుంటను ఉదాహరణగా తీసుకొందాం. దీని అడుగు భాగం 11 × 11 మీ., నిల్వ సామర్థ్యం 741 ఘనపు మీటర్లు. 1:50 స్కేలులో పైభాగం 40 × 40 సెం.మీ., అడుగు 22 × 22 సెం.మీ., లోతు 6 సెం.మీ. అవుతాయి.

5 మి.మీ. మందం గల ఫోమ్ బోర్డు పొరలు 12 పేర్చితే 6 సెం.మీ. లోతు వస్తుంది. ఒక్కొక్క పొర అసలు కుంటలో 25 సెం.మీ. లోతుకు సమానం. పై పొరలో 40 సెం.మీ. చదరపు రంధ్రం, రెండవ పొరలో 38.5 సెం.మీ., మూడవ పొరలో 37 సెం.మీ., ఈ విధంగా ప్రతి పొరకు 1.5 సెం.మీ. తగ్గిస్తూ చివరి పొరలో 23.5 సెం.మీ. రంధ్రం కోయాలి. పొరలను మధ్య గీతల ఆధారంగా ఒకదానిపై ఒకటి అతికించి, అడుగున రంధ్రం లేని పలకను అమర్చాలి. మెట్ల వలె ఏర్పడిన మూలలను కాగితపు గుజ్జుతో గాని, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో గాని నింపి, వాలుకు తగిన అట్టముక్కతో చదును చేస్తే అడుగు కొలత 22 సెం.మీ.కు వస్తుంది. పూర్తిగా ఆరిన తరువాత రెండు మూడు పూతలు వార్నిష్ వేస్తే నీరు ఇంకదు.

నమూనా సరిగా వచ్చినదీ లేనిదీ నీటితోనే పరీక్షించవచ్చు. 741 ఘనపు మీటర్లను 1,25,000తో భాగిస్తే సుమారు 5.9 లీటర్లు. కొలపాత్రతో నీరు పోసినపుడు అంచు వరకు ఇంతే పట్టాలి. 5 లీటర్లకే నిండితే వాలు పూత ఎక్కువగా పడినదని, 7 లీటర్లు పట్టితే వాలు నిటారైనదని గాని, లోతు పెరిగినదని గాని గ్రహించి సరిచేయాలి.

పై మట్టి విషయంలోనూ జాగ్రత్త అవసరం. 2 మి.మీ. ఇసుక రేణువు ఈ స్కేలులో 10 సెం.మీ. రాయి అవుతుంది. కాబట్టి మట్టిని పలుచని గుడ్డలో జల్లించి జిగురు పూతపై చల్లాలి. 30 సెం.మీ. రాళ్ల కట్టుబడిని చూపుటకు 6 మి.మీ. గులకరాళ్లు సరిపోతాయి.

విడిభాగాలను మలచుట: విత్తనపు గొర్రు

ట్రాక్టర్లకు, కార్లకు తయారు భాగాల పెట్టెలు బజారులో లభిస్తాయి. మన గొర్రుకు, గుంటకకు అటువంటివి ఉండవు. ప్రతి భాగాన్ని ముడి సరుకు నుండి మలచుకోవాలి. ఇందులో మొదటి పని కొలత. ఫొటో చూచి చేయరాదు. వాడుకలో ఉన్న గొర్రును టేపుతోను, కోణమానినితోను కొలిచి, ముందు, ప్రక్క, పై వైపుల పటాలు గీసి, ప్రతి భాగానికి అసలు కొలతను, నమూనా కొలతను ఎదురెదురుగా పట్టిక వేసుకోవాలి. ప్రాంతాన్ని బట్టి గొర్రు ఆకారం మారుతుంది కనుక కొలిచిన గ్రామం పేరును పట్టికలో నమోదు చేయాలి.

1:5 స్కేలులో 30 సెం.మీ. సాలు దూరం 6 సెం.మీ. అవుతుంది. అడ్డదూలాన్ని, పళ్లను తెల్ల పొణికి కర్రతో చెక్కవచ్చు. కొండపల్లి, నిర్మల్ బొమ్మలకు వాడే ఈ కర్ర తేలికగా, మెత్తగా ఉండి చిన్న చాకుకు సైతం లొంగుతుంది. విత్తనాలు పోసే జడ్డిగం గుండ్రని గిన్నె వంటిది కనుక తరిణిపై తీయుట మేలు. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర ఇందుకు తగినది. జడ్డిగం అడుగున పళ్ల సంఖ్యకు సరిపడా రంధ్రాలను సమాన దూరంలో, ముందుగా వృత్తాన్ని భాగించి గుర్తులు పెట్టుకొని తొలవాలి. 3 సెం.మీ. వెడల్పు గల వెదురు గొట్టానికి బదులు 6 మి.మీ. సన్న వెదురు పుల్లను తొలచి వాడవచ్చు. 5 మి.మీ. మందం గల ఇనుప కర్రుకు 1 మి.మీ. రేకు సరిపోతుంది. మోకులకు 3 మి.మీ. పురికొస వాడాలి. అతుకుల వద్ద కొండపల్లి పనివారు వాడే మక్కు, అనగా చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్ద, సందులను నింపుటకు చక్కగా పనిచేస్తుంది.

పలుచని ప్లాస్టిక్ పలకలు, అట్టలు కోసేటపుడు ఉక్కు స్కేలును ఆనించి, బలంగా ఒక్కసారి గాక తేలికగా నాలుగైదు సార్లు చాకు నడపాలి. అంచు నిటారుగా వస్తుంది, వేళ్లకు ప్రమాదమూ తగ్గుతుంది. కంచె స్తంభాల వంటి ఒకే రకపు భాగాలు అనేకం కావలసినపుడు ఒక మూలరూపాన్ని శ్రద్ధగా చేసి, దానిపై సిలికాన్ రబ్బరు పోసి అచ్చు తీసి, ఆ అచ్చులో ప్లాస్టర్ గాని, రెజిన్ గాని పోయాలి. మూలరూపంలోని లోపం ప్రతి ప్రతిలోనూ కనబడుతుంది కనుక అచ్చు తీయుటకు ముందే కొలత సరిచూచుకోవాలి. రెజిన్ పనిని గాలి ఆడే చోట, చేతి తొడుగులతో చేయాలి.

స్కేలుకు లొంగని అంశాలు

కొలతలన్నీ సరిగా ఉన్నప్పటికీ ప్రకృతి ధర్మాలు నమూనాతో పాటు తగ్గవు. ఆరుబయట ఉంచిన కుంట నమూనాలో ఒక రోజులో 5 మి.మీ. నీరు ఆవిరైనదనుకొందాం. స్కేలు ప్రకారం లెక్కిస్తే అది 25 సెం.మీ. అవుతుంది. పెద్ద కుంటలోనూ ఆవిరి రోజుకు కొన్ని మిల్లీమీటర్లే గాని 25 సెం.మీ. కాదు. ఇది చెప్పకపోతే కుంట పన్నెండు రోజులలో ఎండిపోతుందని రైతు భావించవచ్చు.

బలం విషయమూ ఇంతే. 1:5 గొర్రులో కర్ర అడ్డుకోత వైశాల్యం 25వ వంతు, బరువు 125వ వంతు అవుతాయి. అందుచేత నమూనా తన బరువును అసలు గొర్రు కంటే సులభంగా మోస్తుంది. దానిని చూచి పనిముట్టు దృఢత్వాన్ని నిర్ణయించరాదు.

పారే నీటిని చూపే నమూనాలకు, పంధొమ్మిదవ శతాబ్దపు ఆంగ్ల ఇంజనీరు విలియం ఫ్రూడ్ ఓడ నమూనాలపై చేసిన పరిశోధనల నుండి రూపొందిన సూత్రం వర్తిస్తుంది. దాని ప్రకారం 1:25 నమూనాలో నీటి వేగం 5వ వంతు, ప్రవాహ పరిమాణం 3,125వ వంతు ఉండాలి. చెక్‌డ్యాం మీదుగా సెకనుకు 1 ఘనపు మీటరు పారుటను చూపుటకు నమూనాలో సెకనుకు 0.32 లీటరు చాలు. 1916లో ఆరంభమై నేడు పుణె సమీపంలోని ఖడక్‌వాస్లాలో ఉన్న కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రంలో నదులు, ఆనకట్టల నమూనాలపై ఇటువంటి అధ్యయనాలు జరుగుతాయి.

వాటర్‌షెడ్ నమూనాలో మరొక చిక్కు ఉన్నది. 1 కి.మీ. దూరంలో 2 శాతం వాలు అంటే 20 మీటర్ల ఎత్తు. 1:1000 స్కేలులో 1 మీటరు బల్లపై ఇది 2 సెం.మీ. మాత్రమే, కంటికి ఆనదు. అందుచేత ఎత్తుకు 1:200 వాడి 10 సెం.మీ.గా చూపుతారు. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో అఖాత నమూనాలో అడ్డానికి 1:1000, నిలువుకు 1:100 వాడారు. అయితే 2 శాతం వాలు మన నమూనాలో 10 శాతంగా కనబడుతుంది. చదునైన తన పొలానికి కొండవాలు గట్లు కావాలని రైతు భ్రమపడకుండా ఈ పెంపును స్పష్టంగా ప్రకటించాలి.

సూచిక ఫలకం, ముగింపు

ప్రతి నమూనా ముందు ఒక ఫలకం ఉండాలి. అందులో స్కేలు, అసలు వస్తువు ముఖ్య కొలతలు, ఎత్తును పెంచి చూపినట్లయితే ఎన్ని రెట్లు, నమూనా చూపలేని అంశాలు సులభమైన తెలుగులో, దూరం నుండి చదువగల అక్షరాలతో వ్రాయాలి. చదువురాని వారి కొరకు విస్తరణాధికారి వాటిని నోటితోనూ చెప్పాలి.

విద్యార్థులు నమూనాను తయారు చేసేటపుడు అసలు పనిముట్టును, అసలు కుంటను కొలవవలసి వస్తుంది. ఈ కొలతలోనే సగం పాఠం ఉన్నది. ప్రదర్శనకు ముందు నమూనాను ఆ పనిముట్టు వాడే రైతు ఒకరికి చూపి, ఏది తేడాగా ఉన్నదని అడగడం మంచిది. గొర్రు పళ్ల వాలులోని తప్పును టేపు కంటే ముందు ఆయన కన్ను పట్టుకొంటుంది.