పుస్తకం కోసం వెతికితే... పెట్టె దొరికింది!

"ఈ మాత్రం ప్రాజెక్టుకు ఎందుకమ్మా అంత హైరానా? రెండు వేలివ్వండి. బైండు చేసిన కాపీ రేపు సాయంత్రానికల్లా మీ చేతిలో పెడతాను. పేరు, హాల్ టికెట్ నంబరు మార్చుకుంటే సరి!"

యూనివర్సిటీ ఎదురుగా ఉన్న జిరాక్సు కొట్టబ్బాయి ఈ మాట అన్నప్పుడు, నిజం చెప్పొద్దూ, నా చెయ్యి హ్యాండ్‌బ్యాగు మీదికి వెళ్లింది. గడువు ఇక రెండు నెలలే. ఇంట్లో అమ్మాయికి ఇంటర్ పరీక్షలు. ఆస్పత్రిలో పగలంతా డ్యూటీ. రెండు వేలతో పీడ వదిలిపోతుందంటే ఎవరికి ఆశ పుట్టదు?

మాది తెనాలి. పదకొండేళ్లుగా ఒక ప్రైవేటు ఆస్పత్రిలో రిసెప్షన్ కౌంటరులో పనిచేస్తున్నాను. మా పీఆర్వో రిటైరవుతున్నారని, డిగ్రీ చేతికొస్తే ఆ సీటుకి నన్నే చూస్తామని యాజమాన్యం అంది. అందుకే నలభై మూడేళ్ల వయసులో దూరవిద్యలో జర్నలిజం పీజీకి కట్టాను. "ఈ వయసులో చదువేంటే?" అని పుట్టింటివాళ్లు నవ్వారు. మా అత్తయ్య మాత్రం "చదువుకో అమ్మాయ్, రాత్రి వంట సంగతి నేను చూసుకుంటా" అన్నారు. కొనుక్కొచ్చిన ప్రాజెక్టు ఆవిడకి చూపించి "నేనే రాశానత్తయ్యా" అని ఎలా చెప్పను? బ్యాగు జిప్పు మూసేసి వచ్చేశాను.

మేడమ్ అడిగిన ప్రశ్న

నేను ఎంచుకున్న అంశం 'ఆస్పత్రి - మహిళా రోగులు - ప్రజా సంబంధాలు'. మా గైడు మేడమ్ దగ్గరికి వెళ్తే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "ప్రజా సంబంధాలంటే ఏమిటమ్మా?"

"పేపర్లో ఫోటోలు, వార్తలు వేయించడం మేడమ్" అన్నాను ధైర్యంగా.

ఆవిడ నవ్వారు. "అది ప్రచారం. మీరు చెప్పింది జనం వినడం సగం పని. జనం చెప్పేది మీరు వినడం మిగతా సగం. ఆ రెండో సగం మీ ఆస్పత్రిలో ఎక్కడుందో వెతుక్కురండి. ముందు నాలుగు పుస్తకాలు చదవండి" అన్నారు.

నాలుగా? మా ఊళ్లో నాకు ఒక్కటీ దొరకలేదు. షాపుల్లో అడిగితే పోటీ పరీక్షల గైడ్లు తీసి చూపించారు. చివరికి దారి చూపింది ఒక కాలేజీ లైబ్రేరియన్ గారు. "డ్యూయీ పద్ధతిలో సర్దిన లైబ్రరీల్లో 659 నంబరు అర చూడండి. ప్రకటనలు, ప్రజా సంబంధాలు అక్కడే ఉంటాయి. అక్కడ లేకపోతే మేనేజ్‌మెంటు అర, జర్నలిజం అర చూడండి" అన్నారు. అలా చూస్తేనే సి.వి. నరసింహారెడ్డి గారి పుస్తకం దొరికింది. ఆయన రాష్ట్ర సమాచార, పౌర సంబంధాల శాఖ డైరెక్టరుగా పనిచేసి, తర్వాత హైదరాబాదు నుంచి 'పబ్లిక్ రిలేషన్స్ వాయిస్' పత్రికను నడిపారు. ఆ పుస్తకం చదువుతుంటే పరాయి దేశపు సంగతుల్లా కాకుండా, మన ఆఫీసుల్లో జరిగేదే ఎవరో చెబుతున్నట్టుంది.

లైబ్రేరియన్ గారే ఇంకో చిట్కా చెప్పారు. "పుస్తకం మొదటి పేజీ కన్నా ముందు చివరి పేజీలు చూడండి. ఆ రచయిత ఏమేం చదివారో అక్కడుంటుంది. ఒక పుస్తకం దొరికితే పది దొరికినట్టే."

తీగ లాగితే...

ఆ చివరి పేజీలే నన్ను అమెరికా దాకా తీసుకెళ్లాయి. గ్రూనిగ్, హంట్ అనే ఇద్దరు 1984లో రాసిన పుస్తకంలో ప్రజా సంబంధాలను నాలుగు రకాలుగా విభజించారు. ఎలాగైనా పేరు పేపర్లో పడాలనుకోవడం మొదటిది. ఉన్న సమాచారం ఉన్నట్టు చెప్పడం రెండోది. జనం మనసు తెలుసుకుని, వాళ్లని మన దారికి తెచ్చుకోవడం మూడోది. జనం మాట విని, అవసరమైతే మనమే మారడం నాలుగోది. మా ఆస్పత్రి ఎక్కడుందా అని చూసుకుంటే మొదటి మెట్టు దగ్గరే కనిపించింది!

ఎడ్వర్డ్ బెర్నేస్ సంగతి చదివినప్పుడైతే ఒళ్లు మండింది. 1929లో న్యూయార్కు ఈస్టర్ ఊరేగింపులో అమ్మాయిల చేత సిగరెట్లు వెలిగింపజేసి, వాటికి 'స్వేచ్ఛా జ్యోతులు' అని పేరు పెట్టించాడు. వెనకున్నది సిగరెట్ల కంపెనీ. ఆడవాళ్ల స్వేచ్ఛను అడ్డుపెట్టుకుని సరుకు అమ్ముకోవడమన్నమాట. బెర్నేస్‌తో సమానంగా ఆ సంస్థలో పనిచేసిన ఆయన భార్య డోరిస్ ఫ్లైష్‌మన్ పేరు మాత్రం ఎంతమందికి తెలుసు?

మరి మన తెలుగువాళ్ల సంగతో? దీనికి పాత పత్రికలే ఆధారం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. సంగీత సభల్లో ఉచితంగా పంచిపెట్టి దాన్ని జనానికి అలవాటు చేశారని చెబుతారు. ఆయనే 1908లో ఆంధ్రపత్రిక స్థాపించారు. ఆడవాళ్ల మందు 'లోధ్ర' తయారుచేసిన డాక్టర్ కె.ఎన్. కేసరి గారు 1928లో 'గృహలక్ష్మి' మాసపత్రిక పెట్టారు. రచయిత్రులకు స్వర్ణకంకణం ఇచ్చి గౌరవించారు. 1934లో దాన్ని అందుకున్న కనుపర్తి వరలక్ష్మమ్మ గారు మా పక్కనున్న బాపట్ల ఆవిడే. మందు అమ్మేవాళ్లు ఆడవాళ్ల చేతికి ఒక పత్రిక ఇచ్చారంటే ఆలోచించాల్సిన విషయమే కదూ! ఒక ఆదివారం రైలెక్కి వేటపాలెం వెళ్లి, 1918లో పుట్టిన సారస్వత నికేతనం కూడా చూసొచ్చాను. పాత పత్రికలను అంత భద్రంగా దాచిన చోటు చూస్తే, కొనుక్కొచ్చే ప్రాజెక్టు మీద నాకు మిగిలిన ఆశ కాస్తా పోయింది.

తాళం విరగ్గొడితే

పుస్తకాలు సరే, మేడమ్ చెప్పిన 'రెండో సగం' ఎక్కడ? మా ఆస్పత్రి మెట్ల కింద ఒక సూచనల పెట్టె ఉంది. రోజూ దాని ముందు నుంచే వెళ్తాను. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగితే ఎవరికీ తెలియదన్నారు. తాళం తుప్పు పట్టిపోయింది. అటెండరు సుత్తితో విరగ్గొడితే లోపల అరవై నాలుగు చీటీలు! కొన్ని మూడేళ్ల కిందటివి.

ఆ రాత్రి వంటింట్లో కూర్చుని ఒక్కొక్కటే చదివాను. "స్కానింగు ఎందుకో చెప్పరు, డబ్బు మాత్రం ముందే కట్టమంటారు" అని ఒకరు. "పాపకి పాలివ్వడానికి చాటు లేదు" అని ఒక తల్లి. అరవై నాలుగులో ఇరవై ఏడు చీటీలు ఒకే మాట. అడిగితే వివరంగా చెప్పేవాళ్లు లేరని. ఇంకో చీటీ చదివేసరికి నా చెయ్యి ఆగిపోయింది. "చీటీలు రాసే కౌంటరులో ఆవిడ తలెత్తి మొహం చూడదు. మేము మనుషులం కామా?"

ఆ కౌంటరు నాదే.

మర్నాడు అడ్మినిస్ట్రేటర్ గారికి చెప్తే ఆయన మొహం మారిపోయింది. "ఇవి బయటపెడితే ఇంకేమైనా ఉందా? నీ ఉద్యోగం కూడా ఆలోచించుకో" అన్నారు. "అక్కా, ఎందుకొచ్చిన గొడవ, వదిలేయ్" అన్నారు నర్సులు. రెండు రోజులు నిద్రపట్టలేదు. పీఆర్వో సీటు మాట దేవుడెరుగు, ఉన్నది ఊడితే?

మూడోరోజు ఒక కాగితం పట్టుకుని మళ్లీ వెళ్లాను. 1982లో అమెరికాలో షికాగో దగ్గర టైలెనాల్ మాత్రల్లో ఎవరో విషం కలిపితే ఏడుగురు చనిపోయారు. తయారుచేసిన కంపెనీ దాచిపెట్టలేదు. సుమారు 3 కోట్ల 10 లక్షల సీసాలు వెనక్కి రప్పించి, జనాన్ని హెచ్చరించి, తర్వాత ఎవరైనా ముందే తెరిస్తే తెలిసిపోయేలా సీలు వేసి మళ్లీ తెచ్చింది. పోయిన నమ్మకం తిరిగొచ్చింది. "మనం దాచినా ఆ ఆడవాళ్లు ఇంటికెళ్లి నలుగురికీ చెప్పనే చెప్తారు సార్. చెప్పనిది మనకే" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి ఆస్పత్రి పేరు, రోగుల పేర్లు ఎక్కడా రాయకూడదన్న షరతు మీద ఒప్పుకున్నారు. పరిశోధనలో అది ఎలాగూ పాటించాల్సిన నియమమే.

మీరూ వెతుకుతున్నారా?

నాలాగే చిన్న ఊళ్లో కూర్చుని చదువుకునేవాళ్ల కోసం నాలుగు మాటలు:

• దేశంలోని విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ గ్రంథాలు 'శోధ్‌గంగ'లో ఉచితంగా దొరుకుతాయి. చూసి రాయడానికి కాదు, ఎలా రాస్తారో తెలుసుకోవడానికి.

• ఇగ్నో పాఠాలు 'ఈ-జ్ఞాన్‌కోశ్'లో, ఇంకా ఎన్నో పుస్తకాలు ఖరగ్‌పూర్ ఐఐటీ నడిపే జాతీయ డిజిటల్ లైబ్రరీలో ఉన్నాయి. సెల్‌ఫోన్ చాలు.

• ప్రభుత్వ కార్యాలయాల సమాచారం కావాలంటే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. అర్జీ పెడితే మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి.

• 1958లో ఏర్పడిన పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ ఆఫ్ ఇండియా ఏటా ఏప్రిల్ 21న జాతీయ ప్రజా సంబంధాల దినం జరుపుతుంది. ఈ రంగంలో ఉన్నవాళ్లని కలుసుకోవడానికి అలాంటి సభలు మంచి అవకాశం.

• ఏ పుస్తకంలో ఏ పేజీలో చదివారో అప్పటికప్పుడు ఒక నోటుబుక్కులో రాసుకోండి. చివరి వారంలో వెతుక్కోవాలంటే ఏడుపొస్తుంది. నాకొచ్చింది!

వైవాలో...

నన్ను ప్రశ్నించిన ప్రొఫెసరు గారు పేజీలు తిప్పుతూ ఆ చీటీ దగ్గర ఆగారు. "ఈ కౌంటరులో ఆవిడతో మాట్లాడారా? ఆవిడేమంది?" అని అడిగారు.

"ఆవిడ నేనేనండీ" అన్నాను.

గదిలో ఒక్క నిమిషం నిశ్శబ్దం. "అయితే ఈ ప్రాజెక్టు ఎవరూ రాసిచ్చింది కాదన్నమాట" అని ఆయన నవ్వారు. ఫస్టు క్లాసు వచ్చింది. అత్తయ్య ఆ బైండు పుస్తకాన్ని దేవుడి గూట్లో పెట్టారు.

పీఆర్వో సీటు ఆర్డరు ఇంకా రాలేదు. పాలిచ్చే తల్లుల కోసం మాత్రం వార్డు చివర తెర కట్టిన మూల ఒకటి వచ్చింది. సూచనల పెట్టెకి కొత్త తాళం పడింది. చెవి నా దగ్గరే ఉంటుంది. ప్రతి శనివారం సాయంత్రం తీస్తాను. ఇప్పుడు కౌంటరు దగ్గరికి ఎవరొచ్చినా ముందు తలెత్తి మొహం చూసి, ఆ తర్వాతే పేరు అడుగుతున్నాను.