అడుగుకు ముందు చూపు

మనిషి నిలిచినా, నడిచినా దేహభారమంతా చివరకు చీలమండల మీదనే పడుతుంది. అంతర్జంఘిక, బహిర్జంఘిక అనే కాలి ఎముకల కొనలు, వాటి నడుమ ఇమిడిన టాలస్ అనే ఎముక కలిసి ఈ కీలు ఏర్పడుతుంది. టాలస్‌కు కండరమేదీ అంటుకొని ఉండదు. రక్తప్రసరణ కూడా పరిమితమే. కనుక అది దెబ్బతింటే త్వరగా కోలుకోదు.

మోకీలు సాధారణంగా వయసు పైబడినకొద్దీ అరుగుతుంది. చీలమండ అరుగుదలకు మాత్రం చాలావరకు పాత గాయమే మూలం. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ కూడళ్ళ రద్దీని దాటుకొని ద్విచక్రవాహనాల మీద అల్మాస్‌గూడకు రాకపోకలు సాగించే యువతీయువకులు ఈ విషయం గుర్తించాలి. ఈనాడు విరిగి అతికిన చీలమండలో, కొన్నేళ్ళకు మృదులాస్థి అరిగిపోయి అడుగడుగునా నొప్పి కలగవచ్చు.

మందులు, ఊతపట్టీలు ఫలించనప్పుడు ప్రధానంగా రెండు శస్త్రచికిత్సలున్నాయి. మొదటిది కీలును కదలకుండా అతికించడం. దీనివల్ల నొప్పి తగ్గుతుంది, కాని కదలిక పోతుంది. రెండవది లోహంతోను, ప్లాస్టిక్‌తోను చేసిన కృత్రిమ కీలును అమర్చడం. దీనివల్ల కదలిక నిలుస్తుంది, కాని కాలక్రమంలో ఆ కీలు అరగవచ్చు, సడలవచ్చు. ఎవరికి ఏది తగునో నిర్ణయించడానికి కాలి లోపలి స్థితి ముందుగానే తెలియాలి.

1895లో జర్మన్ శాస్త్రవేత్త రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. అయితే ఎక్స్‌రే చిత్రం ఒక నీడ వంటిది. అందులో ఎముకలు ఒకదానిపై ఒకటి పడి కనిపిస్తాయి. మయసభలో దుర్యోధనునికి వలె, చూపరికి లోతుపాతుల విషయంలో భ్రాంతి కలగవచ్చు. ఈ లోపాన్ని సి.టి. స్కాన్ తీర్చింది. హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన ఈ యంత్రంతో 1971లో లండన్‌లో మొదటిసారి ఒక రోగిని పరీక్షించారు. ఇది శరీరాన్ని పలుచని పొరలుగా చిత్రిస్తుంది; కంప్యూటర్ ఆ పొరలను కూర్చి త్రిమితీయ రూపాన్ని నిర్మిస్తుంది.

శస్త్రచికిత్సకు ముందు రోగిని నిలబెట్టి ఎక్స్‌రే తీస్తారు. పడుకొన్నప్పుడు మరుగున ఉండే వంకర, బరువు పడినప్పుడు బయటపడుతుంది. సి.టి. స్కాన్‌లో ఎముకలోని గుల్లలు, అంచుల పెరుగుదలలు తెలుస్తాయి. సంధిబంధనాల స్థితిని, టాలస్‌కు రక్తం అందక కలిగిన హానిని ఎం.ఆర్.ఐ. చూపుతుంది. వీటి ఆధారంగా కృత్రిమ కీలు పరిమాణాన్ని, అమరికను, ఎముకను ఎంత మేరకు, ఏ కోణంలో కోయాలో కంప్యూటర్ తెరపైనే నిర్ణయిస్తారు. అవసరమైతే ఆ రోగి ఎముకకు సరిగ్గా అతికే అచ్చును త్రిమితీయ ముద్రణతో తయారుచేసి, దాని సాయంతో కోస్తారు. చీలమండలో ఎముక తక్కువ. ఎక్కువ కోస్తే తిరిగి చేర్చడం కష్టం.

ఇంజనీరు, వైద్యుడు కలిసి పనిచేయడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1990వ దశకంలో అబ్దుల్ కలాం నేతృత్వంలోని రక్షణ శాస్త్రవేత్తలు, నిజాం వైద్యవిజ్ఞాన సంస్థ వైద్యుల కోరికపై, క్షిపణులకు వాడే తేలికపాటి పదార్థంతో పిల్లల కాళ్ళకు ఊతసాధనాలు చేశారు. అంతకుముందు మూడు కిలోలున్న బరువు మూడు వందల గ్రాములకు తగ్గింది.

చిత్రం ఎముకను చూపుతుంది. కాని ఆ రోగికి మధుమేహం ఉన్నదా, అతడు రోజంతా నిలబడి పనిచేసేవాడా, ఎంత నడక అతనికి అవసరం అన్నవి అడిగి తెలుసుకోవలసినవాడు వైద్యుడే. యంత్రం చూపినదానికి ఈ విచారణ తోడైనప్పుడే చికిత్స సార్థకమవుతుంది.