మూత్రపిండముల పని

నర్సు శిక్షణ పొందువారి కొరకు ఉద్దేశించిన ఈ ప్రసంగము ఇంటిలో రోగులకు సేవచేయు శ్రోతలకును పనికివచ్చునని మా నమ్మకము. ఆసుపత్రిలో రోగి త్రాగిన నీరెంత, విడిచిన మూత్రమెంత అని ఒక పట్టికలో వ్రాయుచుందురు. ఈ లెక్క ఎందులకు?

నడుమునకు కొంచెము ఎగువన, వెన్నెముకకు ఇరుప్రక్కల, చిక్కుడుగింజ ఆకారమున రెండు మూత్రపిండములున్నవి. ఒక్కొక్కటి పిడికిలంత, బరువు సుమారు 150 గ్రాములు. పైన కాలేయముండుటచే కుడివైపుది కొంచెము దిగువగా నుండును. విశ్రాంతిగా నున్నప్పుడు గుండె వెలువరించు రక్తములో సుమారు ఐదవవంతు వీనికే చేరును. ప్రతి పిండమునందును దాదాపు 10 లక్షల నెఫ్రానులు, అనగా సూక్ష్మమైన వడపోత గొట్టములు, కలవు.

నెఫ్రాను మొదట సన్నని రక్తనాళముల ఉండ యొకటి యుండును. దానిని చుట్టియున్న గిన్నెవంటి భాగమును 1842లో ఆంగ్ల వైద్యుడు విలియం బౌమన్ వివరించెను. రక్తపు ఒత్తిడిచే నీరు, లవణములు, చక్కెర, యూరియా ఈ గిన్నెలోనికి దిగును. రక్తకణములును, మాంసకృత్తులలో అధికభాగమును రక్తముననే నిలిచిపోవును. కనుకనే మూత్రమున మాంసకృత్తులు విడువక కనిపించినచో వైద్యుడు వడపోతను శంకించును.

ఇట్లు దిగు ద్రవము రోజునకు సుమారు 180 లీటర్లు. వెలుపలికి వచ్చు మూత్రమో, లీటరున్నర! తక్కినదేమగును? సంక్రాంతికి ఇల్లు దులుపు ఇల్లాలు సామానంతయు వాకిట పెట్టి, కావలసినది లోనికి చేర్చి, చెత్తను విడిచివేయును గదా. నెఫ్రాను చేయునదియు అదియే. చక్కెరను దాదాపుగా అంతయు, నీటిని నూటికి 99 పాళ్ళు తిరిగి రక్తమునకు అప్పగించును. ఎండలో చెమట పోసినప్పుడు మెదడునుండి వచ్చు హార్మోను నీటిని మరింత నిలుపును. మూత్రము తగ్గి రంగు ముదురును.

ఈ మూత్రము రెండు నాళములగుండా మూత్రాశయమునకు చేరును. ఇవిగాక రక్తపుపోటును అదుపుచేయుట, ఎఱ్ఱకణముల ఉత్పత్తిని ప్రేరేపించుట కూడ మూత్రపిండముల బాధ్యతలే. అవి చెడిన రోగి పాలిపోవుటకు ఇదియొక కారణము.

వీని ఓర్పే మనకు ప్రమాదము. శక్తి సగము తగ్గినను నొప్పి యుండకపోవచ్చును. శ్రీకాకుళం జిల్లా ఉద్దానమున ఎందరో రైతులు, కూలీలు వ్యాధి ముదిరిన పిదపనే దానిని ఎరిగిరి. మధుమేహము, రక్తపుపోటు గలవారు ఏడాది కొకసారియైన రక్తమును, మూత్రమును పరీక్ష చేయించుకొనవలెను.

ఇక పట్టిక సంగతి. మూత్రమును కొలపాత్రలో కొలిచి వ్రాయవలెను, అంచనా పనికిరాదు. గొట్టము అమర్చిన పెద్దవారికి గంటకు 30 మిల్లీలీటర్లకంటె తక్కువగా వచ్చుచున్నచో, గొట్టము మెలిపడినదేమో చూచి, వెంటనే వైద్యునకు తెలుపవలెను. మూత్రపిండమునకు రక్తము చాలకపోవుటను ఆ అంకె ముందుగా పట్టియిచ్చును. సకాలమున తెలిసినచో పిండమును కాపాడుట పెక్కుసార్లు సాధ్యము.