చమురు పొరలో ముగ్గురాయి చిక్కు
హైదరాబాదు: చమురు బావుల సరుకుకు బేరాలు కుదిర్చే అమీర్‌పేట, పంజగుట్ట దళారీలు ముందుగా తెలుసుకోవలసింది ఆ పొడిని ఏ పొర దగ్గర వాడతారన్నది.

గ్యాసు ఎగదన్నకుండా డ్రిల్లింగ్ మడ్‌లో మంగంపేట ముగ్గురాయి పొడి కలిపి బరువు పెంచుతారు. దీని ప్రామాణిక సాపేక్ష సాంద్రత 4.20. అయితే చమురు పొర చేరాక ఇదే పొడి రాతి రంధ్రాలలో చిక్కుకుంటే ఆమ్లానికి కరగదు, దిగుబడి తగ్గుతుంది. అందుకే అక్కడ వీలైనంతవరకు సున్నపురాయి పొడి వాడతారు. అది రంధ్రాల నోళ్లు మూసి, తర్వాత హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగిపోతుంది. కాని దాని సాంద్రత 2.7 మాత్రమే. కనుక కృష్ణా-గోదావరి బేసిన్‌లో ఒత్తిడి ఎక్కువగా ఉన్న బావులకు ముగ్గురాయి తప్పదు.

ముగ్గురాయికి బరువు ముఖ్యం. సున్నపురాయికి రేణువు పరిమాణమూ చూస్తారు. అది రంధ్రానికి సరిపోకపోతే సరుకు పనికిరాదు.